మా ఇంటి భర్మార్ తుపాకి

నర్సంపేటకు తూర్పున పాకాల అడవిని ఆనుకొని ఉన్న మా ఊళ్ళో మా తాతకు ఒక భర్మార్ తుపాకి ఉండేది. ఆయన తరువాత దాని లైసెన్సు మా బాపు పేరిటికి, బాపు తరువాత నా పేరిటికి మారింది. ఇటీవలి కాలంలో భర్మార్ అన్న మాట ఎన్‌కౌంటర్ వార్తల చివర, స్వాధీనం చేసుకున్న ఆయుధాల జాబితాలో తప్ప మరెక్కడా కనబడకపోవడం వల్ల, అది ఒకప్పుడు రైతు ఇంట్లో గొడ్డలితో, కొడవలితో సమానంగా గోడకు వేలాడిన పనిముట్టు అని నేటి యువకులకు తెలియకుండా పోయింది. దానిని ఎలా దట్టించేవాళ్ళమో, ఎందుకు పేల్చేవాళ్ళమో, ఎంత జాగ్రత్తగా చూసుకునేవాళ్ళమో నాకు గుర్తున్నంతవరకు రాసి పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

అది ఒంటి గొట్టపు తుపాకి. నా చిన్నతనంలో నిలబెడితే నాకంటే ఎత్తుగా ఉండేది. తూటా వెనుక నుంచి పెట్టే తుపాకి కాదు. మందు, గుండ్లు అన్నీ గొట్టం మూతి నుంచే పోసి కమ్మితో దట్టించాలి. గొట్టం మొదట్లో, దెబ్బ తగిలితే పేలి మందును అంటించే చిన్న రాగి టోపీ కూర్చునే మొన, దానిపై వచ్చి పడే ఘోడా, కింద మీట, వెనుక నల్లబడిన చెక్క కుందా. ఇంతకు మించి అందులో ఏమీ లేదు. గొట్టం మీద ముంగేర్ ముద్ర ఉండేది. బీహారులోని ఆ ఊరికి తుపాకుల తయారీ విద్య పద్దెనిమిదో శతాబ్దం నుంచి ఉన్నది. బెంగాల్ నవాబు మీర్ ఖాసిం 1760ల తొలినాళ్ళలో రాజధానిని ముర్షిదాబాదు నుంచి అక్కడికి మార్చి ఆయుధశాల పెట్టించాడు. గంగ ఒడ్డున కమ్మరులు చేసిన గొట్టం పాకాల అడవి అంచున జొన్న చెలకకు కాపలా కాయడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

మా తాత తరానికి తుపాకి అంటే గడీ గుర్తుకు వచ్చేది. నిజాం కాలంలో మా ప్రాంతంలో తుపాకి దొర చేతిలోనో, ఆయన మనుషుల చేతిలోనో, పోలీసు చేతిలోనో ఉండేది తప్ప చెలక దున్నుకునే మనిషి చేతిలో ఉండేది కాదు. 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటంలో పల్లె జనం మొదట వడిసెలలు, బరిసెలు, గుతుపలు పట్టుకొని, ఆ తరువాతే భర్మార్లు చేతబట్టారు. ఆ రోజులను కళ్ళారా చూసిన మనిషి కాబట్టి, తన పేరు రాసి ప్రభుత్వ ముద్ర వేసిన లైసెన్సు పుస్తకం చేతికి అందినప్పుడు మా తాతకు తుపాకి కంటే ఆ పుస్తకమే గొప్పగా తోచింది. దానిని గుడ్డలో చుట్టి ఇంటి పత్రాలతో పాటు పెట్టెలో దాచేవాడు.

1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. నిజంగా పంట కాపాడుకోవడానికే అడిగే రైతుకు మూతి నుంచి దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని ఆ చట్టంలోని 13వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితేనే ఇంకో రకం నున్నని గొట్టపు తుపాకికి అనుమతి. అంటే మన చట్టం దృష్టిలో భర్మార్ మొదటి నుంచీ రైతు తుపాకే. మా తాత అప్పుడే దరఖాస్తు పెట్టుకొని, విచారణలన్నీ పూర్తయిన తరువాత, వరంగల్లులో లైసెన్సు ఉన్న దుకాణంలో దానిని కొన్నాడు. మందు, టోపీలు, ఛర్రాలనే చిన్న సీసపు గుండ్లు కూడా అక్కడే, ఆ పుస్తకంలో రాయించుకొని తేవాలి.

దట్టించడం నేర్పేటప్పుడు మా తాత మొదట తుపాకిని ముట్టుకోనివ్వలేదు. చాలాకాలం పక్కన కూర్చోబెట్టుకొని చూడమన్నాడు. ఆయన పద్ధతి ఎన్నడూ మారేది కాదు. మొదట కమ్మిని గొట్టంలోకి వదిలి, అది అడుగు తాకిన చప్పుడు వినేవాడు. ఆ కమ్మి మీద రెండు గీతలు గీసి ఉండేవి. గొట్టం ఖాళీగా ఉంటే మొదటి గీత మూతి దగ్గరకు వచ్చేది. మందు, ఛర్రా ఉంటే కమ్మి పైకి నిలిచి రెండో గీత కనబడేది. మూతి నుంచి దట్టించే తుపాకిలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం, ఇదివరకే దట్టించి ఉన్నదని మరిచి దాని మీద మరో దట్టింపు వేయడం. బయటి నుంచి ఎంత చూసినా ఆ సంగతి తెలియదు. "ముందుగాల కమ్మి దించి సూడు బిడ్డా. గొట్టం ఖాళీగున్నదని కమ్మి చెప్పినంకనే మందు ముట్టుకో" అనేవాడు. ఇంట్లో తన చేతితో తానే గోడకు తగిలించిన తుపాకిని మరునాడు తీసినా కమ్మి దించి చూడకుండా ఆయన ముందుకు వెళ్ళేవాడు కాదు.

తరువాత మందు. దున్నపోతు కొమ్ముతో చేసిన మందుకొమ్ము నుంచి ఇత్తడి కొలత గొట్టంలోకి పోసి, కొమ్ము మూత బిగించి పక్కన పెట్టి, అప్పుడు కొలతలోని మందును తుపాకిలో పోయాలి. కొమ్ము నుంచి నేరుగా పోస్తే తొందరగా అయిపోతుంది. కాని అంతకుముందు పేల్చిన దట్టింపులో నిప్పు కణిక ఏదైనా గొట్టంలో మిగిలి ఉంటే కొమ్ములోని మందంతా చేతిలోనే అంటుకుంటుంది. మందు మీద పీచు ఉండ పెట్టి కమ్మితో అడుగు దాకా గట్టిగా దించాలి. మధ్యలో ఖాళీ మిగిలితే పేలుడు ఒత్తిడికి గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు కూడా. ఆ పైన ఛర్రాలు, ఛర్రాలు జారిపోకుండా మరో పలుచని ఉండ. ఇంత సేపూ తుపాకి మూతి ముఖానికి పక్కగా, ఆకాశం వైపు ఉండాలి. కమ్మిని గుప్పిట నిండా పట్టుకోకూడదు, వేళ్ళతో పట్టుకోవాలి. చివరికి, పేల్చే చోటికి చేరిన తరువాతే, రాగి టోపీని మొన మీద పెట్టాలి. టోపీ పెట్టిన తుపాకితో ఇంటి గడప తొక్కడం మా ఇంట్లో నిషిద్ధం.

ఈ పని అంతటికీ నిమిషం పట్టేది. చీకట్లో అయితే ఇంకా ఎక్కువ. అందుకే భర్మార్ పట్టిన మనిషికి ఒకటే అవకాశం ఉంటుంది. అది దాటితే పంది కంచె దాటి అడవిలో ఉంటుంది. ఆ ఒక్క అవకాశాన్ని ఎక్కడ, ఎప్పుడు వాడాలో ఆలోచించే ఓపిక ఆ తుపాకి వల్లనే అలవడుతుందని నేను నమ్ముతాను. తరువాతి కాలంలో బంధువుల ఇళ్ళలో తూటా పెట్టి పేల్చే తుపాకులు చూశాను, పేల్చాను. వాటిలో సౌకర్యం ఉన్నది, వేగం ఉన్నది. కాని మందు వాసన తగులుతూ, కమ్మి బరువు చేతికి తెలుస్తూ, ఒక్కొక్కటిగా అన్నీ అమర్చి పేల్చడంలో ఉన్న తృప్తి వాటిలో నాకు దొరకలేదు.

బడిలో 1857 పాఠం చెప్పినప్పుడు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలను సిపాయిలు నోటితో కొరకాల్సి వచ్చిందని పంతులుగారు చదివి వినిపించారు. తూటాను ఎందుకు కొరుకుతారో తరగతిలో ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమయింది. అప్పటి సిపాయిలకు ఇచ్చిన 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ కూడా మూతి నుంచి దట్టించేదే. కాగితపు పొట్లంలో మందు, సీసపు గుండు కలిపి ఉండేవి. పొట్లం కొసను కొరికి చింపి, మందు గొట్టంలో పోసి, కొవ్వు పూసిన కాగితంతో సహా గుండును కమ్మితో దించేవారు. అయితే అది రైఫిలు, అంటే గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్ళు ఉండేవి. 0.577 అంగుళాల ఆ గొట్టంలో గుండు గాళ్ళను పట్టుకొని గిరగిర తిరుగుతూ బయటికి వచ్చేది కాబట్టి కొన్ని వందల గజాల దూరం గురి తప్పకుండా పోయేది. మా తుపాకి గొట్టం లోపల నున్నగా ఉండేది. ఛర్రాలు విచ్చుకొని పోయేవి. ముప్పై నలభై గజాలు దాటితే వాటిని నమ్మడానికి లేదు. తరువాత ఎప్పుడో హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల విభాగం ముందు నేను నిలబడిపోతే, నా వెంట వచ్చినవాళ్ళు గడియారం మోగే వేళ అయిందని ముందుకు వెళ్ళిపోయారు. ఆ పాతకాలపు తుపాకుల పక్కన ఉన్న కమ్మిని చూస్తే మా తాత చేయి గుర్తుకు వచ్చింది.

టోపీ గురించి కూడా ఒక మాట చెప్పాలి. అంతకుముందు కాలపు తుపాకుల్లో చెకుముకి రాయి నిప్పు రవ్వతో మందు అంటించేవారు. గాలి వీచినా, చినుకు పడినా పని చెడేది. దెబ్బ తగిలితే పేలే రసాయనంతో మందు అంటించే పద్ధతికి 1807లో పేటెంటు తీసుకున్నవాడు అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే స్కాట్లాండు మతాచార్యుడు. ఆయన పక్షుల వేటకు వెళ్ళేవాడట. చెకుముకి నిప్పు రవ్వ చూసి పక్షులు ముందే ఎగిరిపోవడం వల్ల ఈ ఆలోచన చేశాడని చెబుతారు. రాగి టోపీ ఆ తరువాత వచ్చింది. వానకాలపు రాత్రుల్లో మాకు పంట దక్కడానికి ఆ టోపీయే కారణం.

ఎందుకంటే తుపాకి అవసరం పడేదంతా వానకాలంలోనే. పునాస జొన్న, మక్క పాలకంకి పట్టే సమయానికి అడవిపందులు మందలుగా వచ్చేవి. తిన్నంత తిని పోతే బాధ లేదు. అవి తినేదానికంటే తొక్కి పడేసేది ఎక్కువ. ఒక్క రాత్రి మంద దిగితే ఒక రైతు ఆరు నెలల కష్టం తెల్లవారేసరికి నేలమట్టమయ్యేది. చెలక నడుమ మంచె కట్టుకొని, కింద నెగడు వేసి, పెద్దవాళ్ళు వంతులు వేసుకొని కావలి ఉండేవారు. పగలు చిలుకలకు వడిసెల, రాత్రి పందులకు డబ్బాల మోత, కేకలు. కొన్నాళ్ళకు పందులు డబ్బా మోతకు అలవాటు పడేవి. అప్పుడు తుపాకి తీసేవారు.

మందు తేమను పీల్చుకుంటే పేలదు. అందుకని మంచె మీదికి వెళ్ళేటప్పుడు మందుకొమ్మును కంబళిలో చుట్టుకొని, గొట్టం మూతికి గుడ్డ బిరడా పెట్టి, మంచె ఎక్కాక టోపీ పెట్టి ఆ మొన చుట్టూ కాస్త మైనం అద్దేవాడు తాత. ఒక్కోసారి టోపీ చిట్లినా లోపలి మందు వెంటనే అంటుకోదు. అటువంటప్పుడు తుపాకిని భుజం మీది నుంచి దించకుండా, మూతి అటే పెట్టి, చాలాసేపు ఆగమనేవాడు. రెండు క్షణాల తరువాత పేలిన సందర్భాలు నేను చూశాను. ఆ నియమం పాటించడం వల్లనే మా ఇంట్లో మూడు తరాలలో ఎవరికీ తుపాకి వల్ల ఒంటి మీద గీత కూడా పడలేదు.

మంచె మీద మేము వేసే దట్టింపులో చాలాసార్లు ఛర్రాలు ఉండేవి కావు. మందు, దాని మీద పీచు ఉండ మాత్రమే ఉండేవి. ఈ సంగతి చెబితే ఇప్పుడు నమ్మేవాళ్ళు తక్కువ. కాని చీకట్లో ఛర్రా వేస్తే పక్క చెలకలో కావలి ఉన్న మనిషికి తగలవచ్చు, దారి తప్పిన బర్రెకు తగలవచ్చు. పందిని తరమడానికి శబ్దం చాలు. తుపాకిమందు చప్పుడు ఈనాటి టపాసు చప్పుడులా చెవిలో గుచ్చుకోదు; ధన్‌మని లేచి, గుట్టలకు తగిలి, అడవిలో దూరం దూరంగా తిరిగి వస్తుంది. మూతి నుంచి బారెడు మంట, ఆ వెంట మంచెను కప్పేసే తెల్లని పొగ, ఆ పొగలో గంధకం వాసన. పొగ విడిపోయే లోపల జొన్న కర్రలు విరుచుకుంటూ పందులు పారిపోయే చప్పుడు వినిపించేది. ఆ తరువాత పక్క మంచెల నుంచి ఒకరినొకరు కేకలు వేసి పలకరించుకునేవారు. మా తుపాకి చప్పుడుతో మా చెలక ఒక్కటే కాదు, ఆ వాగు పొడవునా ఉన్న చెలకలన్నీ ఆ రాత్రికి గట్టెక్కేవి. అందుకే దానిని ఊరివాళ్ళు ఎన్నడూ మా సొంత తుపాకిగా చూడలేదు. మందు అయిపోతే నలుగురూ తలా ఇంత వేసుకొని తెప్పించేవారు.

వేట సంగతి దాచడం ఎందుకు? మా తాత వయసులో ఉన్నప్పుడు ఆడినవాడే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత మా బాపు అది పూర్తిగా మానిపించాడు. పాకాల చుట్టూ ఉన్నది అభయారణ్యం. అందులో చనిపోయే దుప్పికి లెక్క ఉన్నది. బాపు చేసింది సరైన పని అని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. తుపాకి ఉన్న ఇల్లే అడవికి మొదటి కాపలా కావాలన్నది ఆయన మాట.

పేల్చిన తరువాతి పని పేల్చడం కంటే పెద్దది. ఈ తుపాకిమందు కాలితే సగానికి పైగా పొగగా, మసిగా మిగులుతుంది. ఆ మసి గాలిలోని తేమను లాక్కొని ఒక్క పూటలోనే ఇనుమును తినడం మొదలుపెడుతుంది. కాబట్టి మంచె దిగి ఇంటికి రాగానే, నిద్ర ఎంత ముంచుకొస్తున్నా, తుపాకి కడగాల్సిందే. గొట్టాన్ని కుందా నుంచి విడదీసి, మొన ఉన్న కొసను బకెట్లోని వేడినీళ్ళలో ముంచి, కమ్మికి గుడ్డ చుట్టి పైకీ కిందికీ లాగితే, మొన రంధ్రం గుండా నీళ్ళు లోపలికి ఎక్కి, సిరా రంగుతో బయటికి వచ్చేవి. కుళ్ళిన గుడ్డు వాసన పెరడంతా కమ్మేది. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని కసిరేది. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, మరిగే నీళ్ళు ఒకసారి పోస్తే గొట్టం ఆ వేడికే ఆరిపోయేది. అప్పుడు పొడిగుడ్డ, ఆపైన నూనె గుడ్డ. గొట్టాన్ని వెలుతురు వైపు తిప్పి కన్ను పెట్టి చూస్తే లోపల ఉంగరాల్లాగా వెలుగు కనబడాలి. అది కనబడితేనే తాత తల ఊపేవాడు. నాకు తుపాకి మీద ప్రేమ పుట్టింది పేల్చడంలో కాదు, ఈ కడగడంలో.

దసరా రోజు నాగలి, గొడ్డలి, కత్తులతో పాటు దానిని కూడా పీట మీద పెట్టి పసుపు కుంకుమ పెట్టేవారు. జమ్మికి వెళ్ళి వచ్చినవాళ్ళు తాతకు బంగారం చేతిలో పెట్టి, కాళ్ళు మొక్కి, దాని వంక ఒకసారి చూసి వెళ్ళేవారు.

లైసెన్సు నా పేరిటికి వచ్చిన తరువాత నేను ఎండాకాలంలో, గుట్ట వాలు వెనుక ఉండేలా మట్టి మూకుడు నిలబెట్టి గురి సాధన చేసేవాడిని. ఛర్రా బదులు గుడ్డలో చుట్టిన ఒంటి గుండు వేసి చూడటం నాకు ఇష్టం. నున్నని గొట్టమే అయినా, గుడ్డ సరిగ్గా బిగిసి, మందు ప్రతిసారీ ఒకే కొలతలో పడితే, నలభై అడుగుల దూరంలో మూకుడు పగిలేది. గుడ్డ మందం కొంచెం మారినా గుండు వేరే దారి పట్టేది. మందు, గుడ్డ, కమ్మి మీద చేతి బలం, ఊపిరి బిగబట్టడం, ఇవన్నీ ఒకే తీరులో కుదిరిన రోజున కలిగే ఆనందం మాటల్లో పెట్టలేను.

1980ల నాటికి పరిస్థితి మారిపోయింది. మా వైపు అడవిలో నక్సలైటు దళాలు తిరుగుతున్నాయి, వాటి వెంట పోలీసులు తిరుగుతున్నారు. లైసెన్సు తుపాకి ఉన్న ఇంటికి రాత్రి ఒకరు వచ్చి అడిగితే పగలు మరొకరు వచ్చి అడుగుతారన్న భయం ఊరూరా ఉండేది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోవడం, ఫలితాల తరువాత వెళ్ళి తెచ్చుకోవడం అలవాటైన పనే. ఆ రోజుల్లో ఒకసారి అలా అప్పగించినది మళ్ళీ ఇంటికి రాలేదు. తెచ్చుకోవద్దని ఇంట్లో అందరూ అన్నారు. నేను కూడా ఆలోచించి లైసెన్సు రద్దు చేయమని దరఖాస్తు పెట్టుకున్నాను. ఎవరి చేతికో చిక్కి, ఏ మనిషి మీదికో అది ఎత్తబడటం కంటే అదే నయం.

ఆ తరువాత వాగు పొడవునా పంట కాపలా మరో రకంగా మారింది. కొన్నిచోట్ల చెలక చుట్టూ తీగ లాగి నేరుగా కరెంటు వదలడం మొదలయింది. శబ్దం లేదు, పొగ లేదు, కావలి మనిషి లేడు. ఆ తీగకు పందులు చచ్చాయి, దుప్పులు చచ్చాయి, తెల్లవారుజామున తమ పొలానికి తామే వెళ్ళిన రైతులు కూడా చచ్చారు. ఇప్పటికీ మన జిల్లాల పత్రికల్లో అటువంటి వార్తలు వస్తూనే ఉన్నాయి. ఈ కరెంటు తీగను నేను ఎన్నడూ సమర్థించలేను. మా చెలకకు అది రానివ్వలేదు. కొన్నేళ్ళు సోలారు కంచె గురించి అడిగి చూశాం. చివరికి జొన్న, మక్క మానేసి, పంది నోరు పెట్టని పత్తికి మారాం. ఆ ఏడాదే మంచె గుంజలు పీకి పందిరికి వాడుకున్నాం.